పెదవాల్తేరు వైండింగ్ తాత షాపు: మిక్సీ గానీ ఫ్యాను గానీ పారేసే ముందు ఇక్కడ చూపించండి

మిక్సీ కాలిపోయిందనో ఫ్యాను తిరగట్లేదనో కొత్తది ఆర్డరు పెట్టేస్తున్న వైజాగ్ వాళ్ళందరికీ చెప్తున్నా, ఆ ఆర్డరు ఒక్క రోజు ఆపి పెదవాల్తేరు వెళ్ళి రండి. షాపుకి బోర్డు లేదు, ఫోన్ నంబర్ లేదు, మ్యాప్‌లో కొడితే రాదు. కరకచెట్టు పోలమాంబ అమ్మవారి గుడి దగ్గర దిగి వెనక సందుల్లో ఎవర్నడిగినా, వైండింగ్ తాత ఇల్లు అంటే చాలు, చిన్నపిల్లలు కూడా చూపించేస్తారు. పాత పెంకుటిల్లు, నీలం రంగు ఇనప గేటు, గేటు పక్కనే గోడకి ఆనించి రేకులు దించిన చిన్న గది, అదే షాపు. సాయంత్రం నాలుగు దాటాక తీస్తారు, ఎనిమిదిన్నర దాకా ఉంటారు, ఆదివారం సెలవు. మార్గశిర మాసంలో గురువారాలు కూడా తియ్యరు, ఆ రోజు వన్‌టౌన్‌లో కనకమాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్తారు, ఇది తెలీక సామాను మోసుకొచ్చి తిరిగి మోసుకెళ్ళిన వాళ్ళని చూశాను.

మా పుట్టిల్లు ఆ ఇంటికి సరిగ్గా ఎదురు. నేను, మా తమ్ముడు ఆ నీలం గేటు చూస్తూనే పెరిగాం. కాబట్టి ఈ రివ్యూలో అభిమానం ఉంటాది, దాచను. కానీ పెళ్ళై మధురవాడ వచ్చేసి ఇన్నేళ్ళైనా, మా అపార్ట్‌మెంట్ కిందే రిపేరు షాపు ఉన్నా, పాడైన ప్రతి సామానూ స్కూటీ ముందు పెట్టుకుని అంత దూరం తీసుకెళ్తున్నానంటే అక్కడ పని ఎలా ఉంటాదో మీరే అనుకోండి.

మొదటిసారి వెళ్ళే వాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. తాతగారు మాట్లాడరు. నమస్కారం పెడితే తలూపుతారు అంతే. గది ముందు బల్ల మీద ఒక పలక, ఒక బలపం ముక్క ఉంటాయి, సామాను అక్కడ పెట్టి ఏమైందో పలక మీద రాయాలి. ఊరికే "తిరగట్లేదు" అని రాస్తే సరిపోదు, ఎప్పట్నుంచి, కాలిన వాసన వచ్చిందా, చప్పుడు మారిందా, నీళ్ళు పడ్డాయా, ముట్టుకుంటే జిల్లుమంటందా, ఇవన్నీ రాయాలి. రాయకపోతే పలక మన వైపు తిప్పి ఖాళీ జాగా మీద వేలు పెట్టి చూపిస్తారు, ఇంకా రాయమని. ఇది చూసి కొంతమంది మొహం ముడుచుకుని వెళ్ళిపోతారు, కస్టమర్‌తో ఇలాగేనా ఉండేది అని. వాళ్ళకి తెలీనిది ఏంటంటే ఆయనకి చెవులు దాదాపు వినపడవు. హిందుస్థాన్ షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళకి పైన చేశారు, పక్కన ఇనప ప్లేట్ల మీద సుత్తి దెబ్బలు, గ్రైండింగ్ మోత, వాటి మధ్య కూర్చుని ఓడల మోటార్లకి వైండింగ్, అంటే లోపల రాగి తీగ చుట్టే పని, చేసి చేసి చెవులు పోయాయి. మన మాట సగం విని తప్పు జవాబు చెప్పడం ఇష్టం లేక మాట్లాడ్డమే మానేశారని మా అమ్మ చెప్పింది, అది కూడా మేం పెద్దయ్యాక. చిన్నప్పుడు మేం విన్న కథలు వేరు, అవి తర్వాత చెప్తాను, ముందు పని గురించి.

ఈమధ్య మా మిక్సీ ఆగిపోయింది. పప్పు రుబ్బుతుంటే కింద సందుల్లోంచి నీలంగా నిప్పురవ్వలు కనపడ్డాయి, కాసేపటికి ఆగింది. ముందు దగ్గర్లో ఉన్న ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాం, ఆ కుర్రోడు మూత కూడా ఇప్పకుండా మోటారు పోయింది మేడమ్, రెండు వేల ఎనిమిది వందలు అవుద్ది, దానికి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వచ్చీస్తాది కదా అన్నాడు. అక్కణ్ణించి తిన్నగా పెదవాల్తేరు పోయాను. తాతగారు పలక చదివి, మిక్సీ తిరగేసి, ముందు అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కి చూశారు. ఆ బటన్ చాలామందికి తెలీదు, లోడు ఎక్కువైతే మోటారు కాలకుండా అది తనంతట అదే పైకొచ్చి కరెంటు ఆపేస్తాది, కాసేపు చల్లారనిచ్చి నొక్కితే మళ్ళీ నడుస్తాది, ఎంతమంది దానికే వందలు ఇచ్చుకుని వస్తారో. మాది అది కాదు. స్క్రూలు తీసి రెండు పక్కలా ఉండే కార్బన్లు, అదే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు, బయటికి లాగి అరచేతిలో పెట్టి చూపించారు, పాతవి గోరంత మిగిలాయి, పక్కనే కొత్తవి పెట్టారు, వేలి కణుపంత ఉన్నాయి. నాకు ఒక్క మాట కూడా చెప్పకుండానే విషయం మొత్తం అర్థమైపోయింది. తర్వాత ఆర్మేచర్ (ఆ తిరిగే భాగం) మీద నల్లబడిన రాగి పట్టీలని సన్న గరుకు కాగితంతో తుడిచి, పట్టీకి పట్టీకి మధ్య ఉండే గాడిలో మసి విరిగిన రంపం బ్లేడు మొనతో గీకి, కొత్త కార్బన్లు వేసి బిగించారు. అప్పుడు గదిలో లైటు ఆర్పేశారు. ఎందుకా అని చూస్తే, చీకట్లో మిక్సీ ఆన్ చేసి ఆ సందుల్లోకి తొంగి చూస్తున్నారు, రవ్వలు ఇంకా వస్తున్నాయా అని. చిన్నగా, ఒకే తీరుగా వస్తే మంచిదే, చుట్టూ తిరుగుతూ వస్తే ఆర్మేచర్ పోయినట్టు. తృప్తిగా తలూపి లైటు వేసి పలక మీద 170 అని రాశారు. ఆ మిక్సీలోనే ఈరోజు పొద్దున్న కూడా చట్నీ చేశాను.

ఫ్యాన్ల సంగతి కూడా అంతే. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే చాలాసార్లు లోపల కండెన్సర్ (కెపాసిటర్) బలం తగ్గిపోయినట్టు, చాలా సీలింగ్ ఫ్యాన్లకి ఉండేది 2.5 మైక్రోఫారడ్‌ది, మైక్రోఫారడ్ అంటే దాని బలం కొలత, అదేమంత ఖరీదు కాదు. తాతగారు దాన్ని మీటర్ మీద పెట్టి మనకి ఆ అంకె చూపిస్తారు, 2.5 ఉండాల్సిన చోట 1.4 కనపడితే ఇంక వేరే చెప్పక్కర్లేదు. చప్పుడు వస్తే బేరింగ్, ఊగితే రెక్కలు గానీ ఫ్యాను వేలాడే గొట్టం (డౌన్‌రాడ్) గానీ చూడాలి. వీటన్నిటికీ ఫ్యాను మార్చీమనే వాళ్ళు ఊరినిండా ఉన్నారు.

మన ఊళ్ళో ఇంకో బాధ ఉంది, సముద్రం గాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే, చినవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళకి ఇది బాగా తెలుసు, కిటికీ ఊచలు రంగు వేసిన ఏడాదికే తుప్పు పట్టేస్తాయి, ఏసీ బయటి యూనిట్ల రేకు పొడైపోద్ది, స్విచ్చుబోర్డులో రాగి టెర్మినళ్ళకి పచ్చగా చిలుం పట్టేస్తాది. చిలుం పడితే అక్కడ కరెంటు సరిగ్గా పారదు, ఆ జాయింటు వేడెక్కుద్ది, వేడెక్కి వైరు కాలుద్ది, మనం ఏమో మోటారు పోయిందనుకుంటాం. తాతగారి దగ్గరకి ఏది తీసుకెళ్ళినా మొట్టమొదట చూసేది ఆ జాయింట్లే. గీకి, శుభ్రం చేసి, మళ్ళీ టంకం పెట్టి, పైన వార్నిష్ ఒక చుక్క పూస్తారు ఉప్పుగాలి తగలకుండా. దీనికి విడిగా డబ్బు తీసుకోగా నేను చూళ్ళేదు.

ఇంక అసలైన పని, రీవైండింగ్. ఇది చూడాలంటే కాసేపు అక్కడ నిలబడాలి, నిలబడితే ఆయన ఏమీ అనరు. కాలిపోయిన తీగ ఊడదీసేటప్పుడు ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటారు, తీగ మందం మైక్రోమీటర్‌తో కొలుస్తారు, గాడుల్లో కొత్త ఇన్సులేషన్ పేపర్ మడిచి పెడతారు, తర్వాత చెక్క అచ్చు మీద చుట్లు చుట్టి ఒక్కొక్క కాయిల్ గాడిలోకి వేళ్ళతో దించుతారు, దారంతో కుడతారు, వార్నిష్‌లో ముంచుతారు, అట్టపెట్టెలో పెద్ద బల్బు వెలిగించి ఆ వేడికి ఆరబెడతారు. ఆఖర్న మెగ్గర్, అదే లోపల తడి గానీ కరెంటు లీకు గానీ ఉందా అని చూసే మీటరు, పెట్టి చూసి గానీ ఇవ్వరు. బయట చాలాచోట్ల రాగి డబ్బులు తీసుకుని పైన రాగిరంగు ఉన్న అల్యూమినియం తీగ చుట్టేస్తున్నారు, మనకి చూస్తే తేడా తెలీదు, ఎండాకాలం వచ్చాక తెలుస్తాది కాలిపోయినప్పుడు. ఈయన తీగ కొసని బ్లేడుతో గీకి లోపలి ఎరుపు చూపించి, అప్పుడు చుట్టడం మొదలెడతారు. ఊడదీసిన పాత రాగిని కవర్లో కట్టి మన సామానుతోపాటే ఇచ్చీస్తారు. పాత రాగికి మంచి రేటు వస్తాది, ఎవరూ ఇవ్వరు అది, మనం అడగం కూడా.

ఇప్పుడు మా చిన్నప్పటి సంగతి చెప్తాను, ఇది లేకపోతే ఆ షాపు గురించి సగమే చెప్పినట్టు.

మా వీధి గుంటలందరికీ ఆయనంటే హడల్. షిప్‌యార్డులో పెద్ద షాక్ కొట్టి మాట పడిపోయిందని, ఆ కరెంటు ఇంకా ఒంట్లోనే ఉందని, గేటు ముట్టుకుంటే మనకీ కొట్టీస్తాదని చెప్పుకునేవాళ్ళం. మా తమ్ముడికి స్కూల్లో కర్రలోంచి కరెంటు పారదని చెప్పిన రోజున, ఎక్కణ్ణించో ఎండు సరుగుడు కర్ర తెచ్చి దాంతో ఆ గేటు ముట్టుకుని వచ్చాడు. "అక్కా, ఏం కొట్లేదే, కర్రకి కొట్టదు, మా టీచరు చెప్పింది కరెక్టే" అని వారం రోజులు వీధంతా చెప్పుకు తిరిగాడు. కరెంటు లేదని మాత్రం వాడికీ అనిపించలేదు, కర్ర కాపాడిందనే నమ్మకం.

గేటు కంటే ఎక్కువ భయం పెట్టింది లైటు. మా సందు పొడుగ్గా ఉంటాది, స్తంభాలు రెండు చివర్లా ఉండేవి, మధ్యలో మా ఇళ్ళ దగ్గర చీకటి. అక్కడ తాతగారి ప్రహరీ గోడ మీద వంపు తిరిగిన ఇనప గొట్టం, దానికి రేకు టోపీ, కింద ఒక బల్బు ఉండేది. మున్సిపాలిటీ వాళ్ళ లైటే అనుకునేవాళ్ళం అందరం. మాది ట్యూషన్ చినవాల్తేరులో, ఎనిమిదికి వదిలితే ఇద్దరం నడుచుకుంటూ వచ్చేవాళ్ళం. నాన్న లారీ మీద వెళ్తే పదేసి రోజులు ఇంటికి రారు, అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతూ ఉండేది, మమ్మల్ని తీసుకురాడానికి ఎవరూ ఉండేవారు కాదు. మేం వచ్చి, మా గేటు లోపలికెళ్ళి, గడియ వేసుకోగానే ఆ లైటు ఆరిపోయేది. ప్రతిరోజూ. ముందు గమనించింది తమ్ముడే. "అక్కా, మనల్నే చూస్తన్నాడే ఎవడో" అన్నాడు. నేను కొట్టిపారేశాను గానీ నాకూ గుండె దడ. దాంతో పరీక్ష పెట్టాం. ఒకరోజు వాణ్ణి లోపలికి పంపించి నేను గేటు బయటే నిలబడ్డాను, లైటు వెలుగుతూనే ఉంది. నేను లోపలికెళ్ళి గడియ వేశాను, ఆరిపోయింది. ఇంకోరోజు నేను లోపల, వాడు బయట, వెలుగుతూనే ఉంది, వాడు లోపలికి ఒక్క దూకు దూకాడు, ఆరిపోయింది. ఆ రాత్రి ఇద్దరం అమ్మ పక్కన చెరోవైపు పడుకున్నాం. నాకు టెన్త్‌లో స్పెషల్ క్లాసులుండి తొమ్మిదిన్నర అయ్యేది వచ్చేసరికి, అప్పుడూ అంతే, నేను వచ్చేదాకా ఉండేది, వచ్చాక పోయేది.

మిషను సంగతి కూడా ఆ రోజుల్లోదే. సంక్రాంతి ముందు అమ్మ కుట్టు మిషను మోటారు కాలిపోయింది, ఇంట్లో జాకెట్లు గుట్టగా పడున్నాయి, పండక్కి ఇవ్వాలి. అమ్మ మోటారు విప్పి మా ఇద్దరి చేతికిచ్చి తాతగారికి ఇచ్చి రమ్మంది. మేం దాన్ని ఆయన గేటు ముందు పెట్టి పరుగెత్తుకొచ్చేశాం. తెల్లారి చూస్తే మా మెట్టు మీద ఉంది, వైరు చక్కగా చుట్టి పురికొసతో కట్టి. అంటే రాత్రంతా కూర్చుని చేశారన్నమాట, వార్నిష్ వాసన ఇంకా వస్తోంది. అమ్మ డబ్బులు పట్టుకెళ్తే పలక మీద "పండగ తర్వాత" అని రాశారు. పండగ వెళ్ళాక మళ్ళీ వెళ్తే "ఇచ్చేశారు" అని రాశారు. ఎవరిచ్చారండీ, నేనింకా ఇవ్వలేదు అని అమ్మ అంటే, పలక తుడిచేసి లోపలికెళ్ళిపోయారు. నాన్న ఏమైనా ఇచ్చారేమో అనుకుంది అమ్మ, నాన్న వచ్చాక అడిగితే ఆయనకి ఆ మోటారు పాడైన సంగతే తెలీదు.

తర్వాత హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. వైజాగ్ వాళ్ళకి ఆ రోజు గురించి నేను చెప్పక్కర్లేదు, గంటకి 180 కిలోమీటర్ల గాలి, చెట్లన్నీ పడిపోయి, స్తంభాలు మెలికలు తిరిగిపోయి, తెల్లారి లేచి చూస్తే ఇది మన ఊరేనా అనిపించింది. మా వీధికి కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. పాలు లేవు, నీళ్ళు లేవు, బోర్లున్నా మోటారు వెయ్యడానికి లేదు. అలాంటప్పుడు తాతగారి పలక బల్ల మీంచి గేటు మీదకి వచ్చింది. పెద్దపెద్ద అక్షరాల్తో రాశారు: "తడిసిన మోటార్లు, ఫ్యాన్లు కరెంటు రాగానే వెయ్యొద్దు. కాలిపోతాయి. తెచ్చి ఇవ్వండి. ఆరబెట్టి ఇస్తాను. డబ్బు వద్దు." ఆ గేటు ముట్టుకోవడానికి భయపడే వీధి మొత్తం ఆ రోజు లైను కట్టింది. వరండా అంతా నీళ్ళ మోటార్లు, టేబుల్ ఫ్యాన్లు, గ్రైండర్లు, ఒక్కోదానికి పాతగుడ్డ పీలిక కట్టి దాని మీద ఇంటి నంబరు. బల్బు పెట్టి ఆరబెట్టడానికి కరెంటు లేదు కదా, పగలు రేకుల మీద ఎండలో పెట్టేవారు, రాత్రి కుంపట్లో బొగ్గులు వేసి దానికి ఎడంగా పేర్చేవారు. మా తమ్ముడు అప్పటికి ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తున్నాడు, ఊరికే చూద్దామని వెళ్ళినోడు రాత్రి దాకా రాలేదు. ఆయన వాడికి మెగ్గర్ చేతికిచ్చి తిప్పమన్నారట. ముల్లు ఎక్కడుంటే మోటారు ఆరినట్టో, ఎక్కడుంటే ఇంకా తడి ఉన్నట్టో కాలేజీ ల్యాబ్‌లో ఏడాదంతా అర్థం కానిది నాకు ఆ ఒక్క రాత్రి అర్థమైందే అక్కా అన్నాడు. మాటల్లేకుండా ఎలా నేర్పించారురా అంటే, తప్పు చేస్తే నా చెయ్యి పట్టుకుని ఆపేవారు, సరిగ్గా చేస్తే వదిలేసేవారు అన్నాడు. కరెంటు వచ్చిన రోజున మా వీధిలో ఆయన ఆరబెట్టి ఇచ్చిన మోటారు ఒక్కటి కూడా కాలలేదు. పక్క వీధుల్లో తొందరపడి స్విచ్చు వేసిన వాళ్ళవి చాలా పోయాయి.

హుద్‌హుద్ తర్వాత ఊరంతా పాత వీధి లైట్లు తీసి ఎల్ఈడీలు పెట్టారు గుర్తుందా, ఆ పని మా సందుకి వచ్చినప్పుడు నేనూ ఇంట్లోనే ఉన్నాను. నిచ్చెన వేసుకుని కుర్రోడు తాతగారి గోడ మీద లైటు దగ్గరకెక్కాడు, అటూ ఇటూ చూశాడు, దిగిపోయాడు. "ఇది మాది కాదమ్మా, లైను స్తంభం నుంచి రాలేదు, ఈ ఇంట్లోంచే వస్తంది" అన్నాడు. తమ్ముడు గోడ వెంబడి ఆ వైరుని పట్టుకుని చూసుకుంటూ పోయాడు. ఇనప గొట్టం లోంచి గోడ మీదుగా కిటికీ చట్రంలోకి, అక్కణ్ణించి లోపల ఒక స్విచ్చుకి వెళ్ళింది. ఆ కిటికీ పక్కన ఆయన మంచం. ఆ కిటికీలోంచి చూస్తే తిన్నగా మా గేటు.

వాడు వచ్చి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏమీ మాట్లాళ్ళేదు. తర్వాత వాడి అలవాటు ప్రకారం లెక్క కట్టాడు, 60 వాట్ల బల్బు రోజుకి నాలుగు గంటలు అంటే నెలకి ఏడు యూనిట్ల పైమాటే, అన్నేళ్ళు, అది ఆయన మీటరు మీదే. నేను సరే అన్నాను, డబ్బు ఎంతైతే ఏముందిలే అని. అప్పుడన్నాడు, "అది కాదక్కా. ఆయనకి చెవులు వినపడవు కదా. మనం గడియ వేసిన చప్పుడు ఆయనకి తెలీదు. అంటే మనం వచ్చేదాకా ఆ కిటికీ దగ్గర కూర్చుని చూడాలి కదే. నీ స్పెషల్ క్లాసులప్పుడు కూడా."

నాకు నోట మాట రాలేదు. అమ్మకి చెప్తే అమ్మ ఆ పూట కుట్టు మిషను ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు ఇంట్లో బానే ఉన్న మిక్సీ ఒకటి చంకలో పెట్టుకుని వెళ్ళాడు, వట్టి చేతుల్తో వెళ్ళడానికి మొహమాటం వేసి. నేనూ వెనకే వెళ్ళాను. వాడు పలక తీసుకుని "మా చిన్నప్పుడు లైటు మీరే వేసేవారా" అని రాశాడు. తాతగారు చదివారు. అరచేత్తో తుడిచేశారు. మిక్సీ తిరగేసి, చూసి, అడుగున వదులుగా ఉన్న రబ్బరు కాలు ఒకటి మార్చి, పలక మీద "10" అని రాసి వాడి వైపు తిప్పారు. వాడు పది రూపాయలు ఇచ్చాడు, ఆయన తీసుకున్నారు. ఎల్ఈడీ వెలుతురు బాగానే పడుతోందని ఆ నెల్లోనే గోడ మీద బల్బు తీసేశారు, రేకు టోపీ మాత్రం ఇప్పుడు షాపులో టంకం పెట్టే చోట వేలాడుతోంది.

ఇంక లోపాలు కూడా చెప్పాలి కదా. పని టైముకి అవ్వదు, రెండు రోజులన్నారంటే నాలుగు రోజులనుకోండి, అర్జెంటు అని రాసినా వరస మారదు. బిల్లు ఇవ్వరు, గ్యారంటీ కాయితం ఉండదు, కానీ మళ్ళీ పాడైతే తీసుకెళ్తే పుస్తకంలో పాత పేజీ తీసి చూసి ఊరికే చేస్తారు. ఇంటికొచ్చి చెయ్యరు, కాబట్టి ఫ్యాను మీరే దింపుకుని పట్టుకెళ్ళాలి. గది చిన్నది, వానొస్తే బయట తడవాల్సిందే. ఈమధ్య వయసు ఎనభై దాటింది, కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయింది, సన్న తీగ పనులు ఇప్పుడు శనివారం సాయంత్రాలే చేస్తున్నారు. ఆ రోజు మా తమ్ముడు డ్యూటీ దిగాక వెళ్ళి కూర్చుంటాడు, తీగ గేజి (మందం) చదవడం, చుట్లు లెక్కపెట్టడం వాడు చూస్తాడు, గాడిలోకి తీగ దించడం మాత్రం ఇంకా ఆయన చేతులే. పాతికేళ్ళ కిందటి టేబుల్ ఫ్యానో, తాతలనాటి గ్రైండరో బాగు చేయించాలనుకునేవాళ్ళు ఆలస్యం చెయ్యకుండా ఇప్పుడే తీసుకెళ్ళండి అని నా మనవి.

రేట్లు నాకు అయినవి చెప్తున్నా, మీ సామాన్ని బట్టి మారొచ్చు. ఫ్యాను కండెన్సర్ 120, సీలింగ్ ఫ్యాను రీవైండింగ్ 450, మిక్సీ కార్బన్లు 170, అర హెచ్‌పీ నీళ్ళ మోటారు రాగి తీగతో రీవైండింగ్ 1,700. ఇస్త్రీపెట్టె ఎలిమెంటు, గ్రైండరు బెల్టు లాంటివి సామాను ఖరీదుకి పైన ఇరవయ్యో ముప్పయ్యో.

తీసుకెళ్ళకూడనివి: రిమోట్‌తో పనిచేసే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఇండక్షన్ స్టవ్‌లు, మైక్రోవేవ్‌లు, ఇన్వర్టర్ ఫ్రిజ్ బోర్డులు. అవి ఎలక్ట్రానిక్ బోర్డు పనులు, ఆయన వాటిని ఇప్పరు, పలక మీద "రాదు" అని రాసి తిరిగి ఇచ్చేస్తారు. రాదు అంటే రాదనే, బతిమాలకండి, వేరే షాపు చూసుకోండి. మిక్సీ తీసుకెళ్ళేటప్పుడు జార్లు కూడా కడిగి తీసుకెళ్ళండి, చాలాసార్లు మోటారు శుభ్రంగా ఉంటాది, జారు అడుగున బ్లేడు తిరిగే బుష్ బిగుసుకుపోయి ఉంటాది. ఫోన్‌పే లేదు, చిల్లర పెట్టుకెళ్ళండి. పలక మీద గుండ్రంగా, పెద్దగా రాయండి, ఆపరేషన్ అయిన కళ్ళు.